రైజెన్ 7 7700ఎక్స్: ఇంటెల్ అలవాట్లు వదిలించుకుని ఓవర్‌క్లాకింగ్ మళ్ళీ నేర్చుకున్నాక

ఏఎండీ వారి రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసర్ బిగించిన మొదటి రాత్రి, ప్రాసెసర్ సత్తాను అంకెల్లో కొలిచే సినీబెంచ్ ఆర్23 నడిపిస్తూ, పక్కన ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచిపెట్టుకుని కూర్చున్నాను. పది సెకన్లు గడవకముందే అంకె 95 డిగ్రీలకు చేరి, మేకు కొట్టినట్టు అక్కడే నిలిచిపోయింది. ఆరేళ్ళకు పైగా ఇంటెల్ ఐ7-8700కె వాడినవాడిని కనుక 95 కనబడగానే నా చేయి దానంతటదే పవర్ బటన్ వైపు పోయింది. కూలర్ సరిగా కూర్చోలేదేమోనని విప్పాను, పేస్టు తుడిచి, కొత్తది పూసి, స్క్రూలు మూలమూలకూ సమంగా బిగించి మళ్ళీ నడిపించాను, మళ్ళీ 95. మూడోసారి విప్పబోతూ ఆగి ఏఎండీ వారి వివరణ చదివాక తెలిసింది, ఈ ప్రాసెసర్‌కు 95 డిగ్రీలు ప్రమాద సూచిక కాదని, బరువు పని పడినప్పుడు అది కావాలనే చేరుకునే మెట్టు అని. చల్లదనం మిగిలి ఉన్నంతవరకు వేగం పెంచుకుంటూ పోయి, 95 తగలగానే తనను తాను అదుపులో పెట్టుకునేలా దానిని రూపొందించారు. ఇంటెల్ దగ్గర నేర్చుకున్న ఓవర్‌క్లాకింగ్ విద్యలో, అంటే ప్రాసెసర్‌ను కార్ఖానా పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపించే విద్యలో, దాదాపు ప్రతి అలవాటునూ ఇక్కడ తిరగేసి పట్టుకోవలసి వస్తుందని ఆ రాత్రి నాకు తొలిసారి అనుమానం కలిగింది.

ఆ పాత విద్య ఏమిటో ముందు చెప్పాలి. 8700కె 2017 అక్టోబరులో వచ్చింది. ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), ఒక్క కోర్ మీద 4.7 గిగాహెర్ట్జ్ వరకు వెళ్ళే టర్బో, అంటే తనంతట తానే అందుకునే గరిష్ఠ వేగం. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, దానిని గుణకంతో హెచ్చవేస్తే వేగం వస్తుంది. గుణకం 49 పెడితే అన్ని కోర్లూ 4.9 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి. నిలబడకపోతే వోల్టేజి కొంచెం పెంచాలి, మరీ వేడెక్కితే ఒక మెట్టు దిగాలి, రాత్రంతా ప్రైమ్95 అనే బరువు పరీక్ష నడిపించి తెల్లారేసరికి యంత్రం ఇంకా బతికి ఉంటే పని అయిపోయినట్టు. నాది 1.33 వోల్టులకు 4.9 దగ్గర కుదురుకుంది, 5.0 కావాలంటే 1.41 అడిగింది, నేను ఇవ్వలేదు. ప్రాసెసర్ లోహపు మూత కింద సోల్డరు కాక పేస్టు వాడినందున దానిని చల్లబరచడం కష్టమని చాలామంది మూత ఊడదీసి లిక్విడ్ మెటల్ పూసేవారు. నాకంత గుండె ధైర్యం లేకపోయింది. ఏమైనా అది ములుగర్రతో ఎద్దును అదిలించి నడిపించే పద్ధతి. పొడిచినకొద్దీ కదిలేది, ఎంత పొడిచావో అంత కనబడేది.

కంపెనీ మారడానికి కారణాలు రెండు. 8700కె కోసం నేను కొన్న జెడ్370 బోర్డు మీద ఎక్కించదగినవి ఎనిమిదో, తొమ్మిదో తరం ప్రాసెసర్లు మాత్రమే. అంతకు ముందు తరం జెడ్270 బోర్డు ఉన్నవారికైతే ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు అదే 1151 అయినా 8700కె పనిచేయనే లేదు. 7700ఎక్స్ కూర్చునే ఏఎం5 సాకెట్‌ను 2027 వరకు, ఆ తరువాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ 2024లో ప్రకటించింది కనుక ఈసారి బోర్డు మీద పెట్టిన డబ్బు ఒక ప్రాసెసర్‌తోనే పోదనిపించింది. రెండోది, నేను కొనే రోజుల్లోనే ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అస్థిరంగా మారడానికి మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి ఆదేశాల సమూహం, అవసరానికి మించిన వోల్టేజి అడగడమే కారణమని ఆ సంస్థ స్వయంగా ఒప్పుకుని, 2024 ఆగస్టులో సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. అంతమాత్రాన ఏఎండీ పత్తిత్తు అనుకోనక్కరలేదు. 2023 వసంతంలో రైజెన్ 7000 ఎక్స్3డీ రకాలు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయిన తరువాత, ఎస్ఓసీ వోల్టేజి (మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్ళేది) 1.3 దాటకుండా బయాస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రామ్‌లో, గిరి గీయవలసి వచ్చింది. నా బోర్డు ఆ సవరణ తరువాతి బయాస్‌తో వచ్చింది. పాతది నిల్వ నుంచి కొనేవారు మొదట చేయవలసిన పని బయాస్ నవీకరణే.

7700ఎక్స్ 2022 సెప్టెంబరులో 399 డాలర్ల ధరతో విడుదలైంది. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు, 4.5 గిగాహెర్ట్జ్ మూల వేగం, 5.4 గిగాహెర్ట్జ్ బూస్ట్, 32 మెగాబైట్ల ఎల్3 కాష్, 105 వాట్ల టీడీపీ (కూలర్‌ను ఎంచుకోవడానికి ఇచ్చే వేడి లెక్క). ధర బాగా దిగాక, విజయవాడ నుంచి పనిమీద వెళ్ళినప్పుడు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నాను. అక్కడ ఒక దుకాణంలో కుర్రాడు రెండు 16 జీబీ ర్యామ్‌లు అడిగిన నాకు నాలుగు 8 జీబీ స్టిక్కులు అంటగట్టబోయాడు. "నాలుగు వేసుకోండి సార్, లైట్లు వెలిగితే మస్తుగా కనబడ్తది" అన్నాడు. మాట తీపిగానే ఉంది గాని, ఈ ప్రాసెసర్‌కు అధికారికంగా రెండు స్టిక్కులతో డీడీఆర్5-5200 వరకు హామీ ఉండగా, నాలుగు స్లాట్లూ నింపితే ఆ హామీ 3600కు పడిపోతుంది. డీడీఆర్4 రోజుల్లో నాలుగు స్టిక్కులు పెట్టినవారెవరూ ఇంత మూల్యం చెల్లించలేదు. పక్క దుకాణానికి వెళ్ళి రెండే తెచ్చుకున్నాను.

బిగింపు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పిన్నులు ఇప్పుడు ప్రాసెసర్ కింద కాక సాకెట్‌లో, మొత్తం 1718 ఉన్నాయి. ఇంటెల్ వాడినవారికి ఇది అలవాటే. మూత అంచులు ఎనిమిది కాళ్ళ పురుగులా చెక్కి ఉండి, మధ్య సందుల్లో చిన్న కెపాసిటర్లు కనిపిస్తాయి కనుక పేస్టు ఎక్కువైతే అక్కడికి జారుతుంది. ఒక్క విషయం మాత్రం హెచ్చరించాలి: మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగా ఉండిపోయి, ఫ్యాన్లు తిరుగుతూ, ర్యామ్‌ను పరిచయం చేసుకునే తంతు నిమిషాల తరబడి సాగుతుంది. ఇంటెల్ అలవాటున రెండు నిమిషాలు చూసి "బోర్డు పోయింది" అనుకుని నేను ఆపేశాను, దానితో తంతు మళ్ళీ మొదటికి వచ్చింది. రెండోసారి కాఫీ కలుపుకుని తాగివచ్చేసరికి బయాస్ తెర నా కోసం ఎదురుచూస్తోంది.

ఇక అసలు విషయం. మొదట చేయకూడని పనే చేశాను: పాత పద్ధతిలో గుణకం 52 పెట్టి, వోల్టేజి 1.25 దగ్గర బిగించి, అన్ని కోర్లనూ 5.2 గిగాహెర్ట్జ్ దగ్గర కట్టేశాను. ఏ మార్పూ లేనప్పుడు నా యంత్రంలో సినీబెంచ్ ఆర్23 అన్ని కోర్లకు 19,400, ఒక్క కోర్‌కు 1,960 ఇచ్చింది. కట్టేసిన తరువాత అన్ని కోర్ల అంకె 19,700కు పెరిగింది, నేను మురిసిపోయాను; ఒక్క కోర్ అంకె 1,860కి పడిపోయింది, అది చూడలేదు. రెండు రోజుల తరువాత ఆటల్లో ఫ్రేములు తగ్గాయని గమనించి వెనక్కి వెళ్ళి చూస్తే కారణం కనబడింది. తన మానాన తనను వదిలేస్తే ఒకటి రెండు కోర్లకే పని ఉన్నప్పుడు ప్రకటించిన 5.4ను కూడా దాటి 5.5 దరిదాపుల వరకు ఎగిరే ప్రాసెసర్‌ను నేను 5.2 దగ్గర తాడు వేసి కట్టాను. ఎనిమిది కోర్లూ పనిచేసే ఘడియల కోసం, ఒక్క కోర్ పనిచేసే రోజంతా నష్టపోయాను. ఇంటెల్ 8700కె మీద ఈ బేరం లాభసాటిగా ఉండేది, ఎందుకంటే దాని టర్బో 4.7, నేను అన్ని కోర్లకూ ఇచ్చింది 4.9. ఇక్కడ కార్ఖానా ఇచ్చిన బూస్టే మనం చేతితో ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ.

అయితే ఈ ప్రాసెసర్ మీద ఓవర్‌క్లాకింగ్ అంటే ఏమిటి? ఇది దారి తెలిసిన ఎద్దు. పొడవవలసిన పని లేదు, మెడమీద బరువు తీస్తే చాలు. అది ప్రతి క్షణం మూడు నాలుగు హద్దులను చూసుకుంటూ వేగాన్ని నిర్ణయించుకుంటుంది: సాకెట్ నుంచి లాగే మొత్తం విద్యుత్తు, అంటే పీపీటీ, ఈ మోడల్‌కు 142 వాట్లు, ఎడతెగకుండా ప్రవహించే కరెంటుకు టీడీసీ, ఒక్కసారిగా ఎగిసే కరెంటుకు ఈడీసీ, చివరిగా ఉష్ణోగ్రత 95 డిగ్రీలు. ఇవి కాక ఫలానా వేగానికి ఫలానా వోల్టేజి కావాలని చెప్పే ఒక గీత ప్రతి కోర్‌కూ ఉంటుంది. కార్ఖానాలో ఈ గీతను కాస్త భద్రంగా, అవసరానికి మించిన వోల్టేజితో గీస్తారు, లక్షల చిప్పుల్లో బలహీనమైనది కూడా నిలబడాలి కనుక. బయాస్‌లో పీబీఓ (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్) అన్న విభాగంలో ఉండే కర్వ్ ఆప్టిమైజర్‌తో ఆ గీతను కిందికి జరపవచ్చు. రుణ సంఖ్యలో ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. వోల్టేజి తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే 95 కన్నా ముందు జాగా మిగులుతుంది, జాగా మిగిలితే ప్రాసెసర్ తనంతట తానే వేగం పెంచుకుంటుంది. వోల్టేజి పెంచి వేగం కొనుక్కోవడం నేర్చుకున్న నాకు, వోల్టేజి తగ్గించి వేగం పొందడం మొదట మోసంలాగే కనబడింది. 142 వాట్ల హద్దు పెంచితే ఏమైనా వస్తుందేమోనని అదీ చూశాను. గాలితో చల్లబరిచే కూలర్ మీద ఉష్ణోగ్రత హద్దే ముందు తగులుతుంది కనుక ఆ హద్దును 200 చేసినా ఉపయోగం లేదు.

తేలిక కిటుకు దొరికిన ఆనందంలో అన్ని కోర్లకూ ఒకేసారి మైనస్ 30 పెట్టాను. సినీబెంచ్ 20,000 దాటింది. రాత్రి ప్రైమ్95 పెట్టి పడుకున్నాను. తెల్లవారి చూస్తే ఒక్క లోపం లేకుండా ఏడు గంటలు నడిచి ఉంది. ఇంటెల్ లెక్కన పని పూర్తయింది, ఇక దండం పెట్టేయవచ్చు. ఆ ఉదయమే టీ గ్లాసు పక్కన పెట్టుకుని దినపత్రిక ఈ-పేపరు తెరిచి, రెండో పేజీకి వెళ్తుండగా తెర ఒక్కసారి నల్లబడి యంత్రం మళ్ళీ మొదలైంది. కరెంటు పోయిందేమో అనుకున్నాను గాని నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం, ఎవరూ ముట్టుకోకుండా ఉన్నప్పుడు మరోసారి. బరువు మోస్తూ ఏడు గంటలు నిలబడినవాడు నీడలో కూర్చోగానే సొమ్మసిల్లి పడిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

దీని మర్మం తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది, కొత్తగా ఈ వైపు వచ్చేవారికి ఈ సమీక్షలో పనికివచ్చే భాగం ఇదేనని నా నమ్మకం. అన్ని కోర్లూ పూర్తి బరువుతో నడిచేటప్పుడు ప్రాసెసర్ 5.1, 5.2 దగ్గరే ఉంటుంది. గీతలో ఆ భాగం దగ్గర మనం తగ్గించిన వోల్టేజిని తట్టుకునే సత్తువ దానికి ఉంటుంది. తేలిక పనిలో మాత్రం ఏదో ఒక కోర్ క్షణకాలం 5.5 గిగాహెర్ట్జ్‌కు ఎగురుతుంది, మళ్ళీ దిగుతుంది. గీత చివరి కొసన ఉన్న ఆ వేగానికి కావలసిన వోల్టేజిలో మనం కోత పెట్టాం. అందుకని బరువు పరీక్ష ఎన్ని గంటలు నడిచినా ఆ కొసను ఒక్కసారి కూడా తాకదు. పరీక్షించవలసింది ఒక్కొక్క కోర్‌ను, ఒంటరిగా, అత్యధిక వేగం దగ్గర. ఈ పనికోసమే కోర్‌సైక్లర్ అన్న ఉచిత స్క్రిప్టు ఉంది. అది ప్రైమ్95ను ఒక కోర్ మీద కొద్ది నిమిషాలు నడిపించి, తరువాతి కోర్‌కు మారుతూ, ఏ కోర్ తప్పుచేసిందో రాసిపెడుతుంది.

తప్పుచేసిన కోర్ పేరు విండోస్ కూడా చెబుతుంది, ఎక్కడ చూడాలో తెలిస్తే. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ విభాగంలో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో 18వ నంబరు ఎర్ర గుర్తు వెతికితే, కింద కాష్ హైరార్కీ ఎర్రర్ అని, దాని కింద ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ 6 అని నాకు కనబడింది. ఒక్కో కోర్‌కు రెండు థ్రెడ్లు కనుక ఆ అంకెను రెండుతో భాగించాలి. సున్నా నుంచి లెక్కపెడితే మూడో కోర్. రెండు రీబూట్లకూ అదే అంకె. మూడో కోర్ ఎవరా అని ఏఎండీ వారి రైజెన్ మాస్టర్ ప్రోగ్రామ్‌లో చూస్తే, కార్ఖానా వారు అత్యుత్తమమని గుర్తుపెట్టిన రెండింటిలో అది ఒకటి. ఇది కూడా మొదట వింతగా తోచింది. ఉత్తమమైనది ఎక్కువ కోతను తట్టుకోవాలి కదా అనుకున్నాను. తట్టుకోదు, ఎందుకంటే ఉత్తమ కోర్లకు గీతను కార్ఖానాలోనే బిగుతుగా గీశారు, వాటినే అందరికంటే ఎత్తుకు ఎగరమంటారు. మిగిలిన సాదా కోర్ల గీతలోనే మనం కోయదగిన కొవ్వు ఉంటుంది.

తరువాతి పది రాత్రులు ఒకే తీరున గడిచాయి. ఒక్కో కోర్‌కు ఆరు నిమిషాలు, ఎనిమిది కోర్లకు ముప్పావుగంటకు పైగా ఒక చుట్టు, రాత్రికి ఎనిమిది తొమ్మిది చుట్లు. తప్పుచేసిన కోర్‌కు మూడు అంకెలు తిరిగి ఇచ్చి మళ్ళీ మొదలు. ఇంట్లోవాళ్ళు ఆ నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చూసి ఆఫీసు పని అనుకుని నన్ను కదిలించలేదు, నేనూ సరిదిద్దలేదు. చివరికి రెండు ఉత్తమ కోర్లు మైనస్ 8, మైనస్ 11 దగ్గర, నాలుగు మైనస్ 22 దగ్గర, మిగిలిన రెండు మైనస్ 28 దగ్గర నిలబడ్డాయి. నా అంకెలు నకలు చేసుకోవద్దు. అదే మోడల్‌లో పక్క పెట్టెలోని చిప్పు వేరే విధంగా ఉంటుంది. బూస్ట్ హద్దును 200 మెగాహెర్ట్జ్ వరకు పెంచుకునే వీలు కూడా ఉంది. 100 పెంచి చూస్తే ఉత్తమ కోర్లు తమకు ఇచ్చిన కోతనంతా తిరిగి అడిగాయి, ఒక్క కోర్ అంకె మాత్రం పది పదిహేనుకు మించి పెరగలేదు. తీసేశాను.

మరొక ఉచ్చు ఉంది, దానిలోనూ పడ్డాను. కర్వ్ ఆప్టిమైజర్ జోలికి పోకుండా మొత్తం వోల్టేజిని ఆఫ్‌సెట్‌తో తగ్గిస్తే ప్రాసెసర్ కొన్నిసార్లు పడిపోదు, వేగం అంకె తగ్గినట్టూ కనబడదు. కానీ లోలోపల గడియారాన్ని సాగదీసుకుని నెమ్మదిస్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో మామూలు వేగం వరుసలో 5.2 అని ఉండగా, ఎఫెక్టివ్ క్లాక్ అన్న వరుసలో 4.9 కనబడితే అదే సంగతి. ఇంటెల్ మీద ఆ వరుస వైపు నేను ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. ఇక్కడ అదే అసలు వరుస, పైనున్నది అలంకారం.

ఉష్ణోగ్రత విషయానికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో ఉంటున్నవాడికి అది పక్కన పెట్టే విషయం కాదు. 95 డిగ్రీలు ప్రాసెసర్‌కు సురక్షితమే కావచ్చు. నా గదికి మాత్రం కాదు, ఆ వేడంతా గదిలోకే వస్తుంది, ఫ్యాన్ల హోరు కూడా. ఈ మూత మందంగా ఉండడానికి కారణం పాత ఏఎం4 కూలర్లు ఏఎం5 మీద కూడా సరిపోవాలన్న ఆలోచన. పాత కూలర్ ఉన్నవారికి అది ఆదా. వేడి బయటికి రావడానికి మాత్రం అడ్డు. చిన్న చిప్పులో వేడి ఒక్కచోట పోగవడం వల్ల పెద్ద కూలర్ కొన్నా ఆశించినంత తేడా రాదు. మందు బయాస్‌లోనే ఉంది: పీబీఓ విభాగంలో ఉష్ణోగ్రత హద్దును 85కు దించాను. కోత పెట్టిన గీతతో, 85 డిగ్రీల హద్దుతో సినీబెంచ్ 19,700 ఇస్తోంది, అంటే కొత్తలో 95 దగ్గర వచ్చినదానికంటే మూడు వందలు ఎక్కువ. ఒక్క కోర్ అంకె 1,975. మే నెలలో మరొక మెట్టు దిగి 65 వాట్ల ఎకో మోడ్ పెడతాను, అప్పుడు పీపీటీ 88 వాట్లకు తగ్గుతుంది. గది 36 డిగ్రీల దగ్గర ఉన్న మధ్యాహ్నం కూడా ప్రాసెసర్ 76 దాటలేదు, అంకె 18,900. మూడో వంతుకు పైగా విద్యుత్తు మిగిలి, పనిలో పోయినది నాలుగు శాతం. నా దృష్టిలో ఈ ప్రాసెసర్‌కు ఉన్న అత్యంత విలువైన సెట్టింగు అదే. దీనిని కార్ఖానా నుంచే ఇలా ఎందుకు పంపలేదంటే, పోటీ పటాల్లో పైవరుసలో కనబడాలన్న యావ తప్ప నాకు మరో కారణం తోచదు.

ర్యామ్ సంగతి తేలిక. ర్యామ్ తయారీదారు రాసిపెట్టిన వేగాన్ని అందించే ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేస్తే డీడీఆర్5-6000 వచ్చింది, మెమరీ, దాని కంట్రోలర్ రెండూ 3000 మెగాహెర్ట్జ్ దగ్గర జతగా నడుస్తున్నాయి, లోపలి చిప్పులను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ 2000 దగ్గర ఉంది. ఈ తరానికి 6000 అన్నది సరైన ఆగుడు. 7000, 8000 అంటూ పెట్టె మీద పెద్ద అంకె చూసి కొనడం దండగ, ఆ వేగాల దగ్గర కంట్రోలర్ సగం వేగానికి దిగిపోతుంది. ఆన్ చేశాక ఎస్ఓసీ వోల్టేజి ఎంత ఉందో ఒకసారి కళ్ళతో చూసుకోవాలి, నాది 1.25 చూపించింది, 1.2కు దించినా నిలబడింది. రాత్రంతా మెమరీ పరీక్ష నడపకుండా ప్రాసెసర్ గీత జోలికి పోవద్దు, తప్పు ఎవరిదో తేలక పిచ్చెక్కుతుంది.

బోర్డు తయారీదారు పేరు చెప్పను గాని ఆ బయాస్ రాసినవారి మీద నాకు కోపం ఉంది. పీబీఓ అన్న శీర్షిక రెండుచోట్ల ఉంది, ఒకటి ఆ కంపెనీ సొంత పేజీలో, మరొకటి హెచ్చరిక అంగీకరిస్తే తప్ప తెరుచుకోని ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ పేజీలో. ఒకచోట మైనస్ 22 రాసి, రెండోచోట ఆటో అని వదిలేస్తే ఏది నెగ్గుతుందో ఎక్కడా రాయలేదు. బయాస్ నవీకరించిన తరువాత నా బోర్డులో నెగ్గేది మారింది కూడా. ఇక ఆ హెచ్చరికను చదవకుండా నొక్కేయవద్దు: పీబీఓ ఆన్ చేయడాన్ని కూడా వారంటీ వర్తించని ఓవర్‌క్లాకింగ్‌గానే ఏఎండీ పరిగణిస్తుంది. వోల్టేజి తగ్గించినా అదే మాట.

ఇంతా చేసి దక్కినదేమిటని అడిగితే నిజాయితీగా చెప్పాలి. 8700కె మీద 9,000 దరిదాపుల్లో ఉండే సినీబెంచ్ అంకె రెండింతలు దాటింది. పాత యంత్రంలో నలభై నిమిషాలు పట్టిన మా మేనకోడలి పెళ్ళి వీడియో మార్పిడి ఇప్పుడు పంతొమ్మిది నిమిషాల్లో అవుతోంది. అందులో నా పది రాత్రుల కష్టం మిగిల్చినది నిమిషం కూడా లేదు. వేగం కోసం ఓవర్‌క్లాక్ చేసే కాలం ఈ చిప్పులతో దాదాపు ముగిసింది. వేడి, హోరు తగ్గించుకోవడానికి చేసే కాలం నడుస్తోంది. ఇంటెల్ మీద ఇందుకోసం కె అక్షరం ఉన్న ప్రాసెసర్, జెడ్ వర్గం బోర్డు రెండూ కొనవలసి ఉండగా, ఇక్కడ దాదాపు అన్ని రైజెన్‌లకూ తాళం లేదు, మధ్యరకం బి650 బోర్డు చాలు; ఏ620 మాత్రం కొనవద్దు, దాని మీద ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ కుదరదు.

అందుకే కొత్తగా కొనేవారికి నా సలహా 7700ఎక్స్ కాదు, 2023 జనవరిలో వచ్చిన ఎక్స్ లేని 7700. అవే ఎనిమిది కోర్లు, 65 వాట్ల హద్దుతో వస్తుంది, పెట్టెలో కూలర్ ఉంటుంది, నేను పదిరోజులు పడి చేరుకున్న చోటికి అది మొదటి రోజే దగ్గరగా ఉంటుంది. ఆటలకోసమే కొనేవారు 7800ఎక్స్3డీ వైపు చూడవచ్చు, గుణకానికి తాళం ఉన్నా గీతను కిందికి జరిపే వీలు దానికీ ఉంది. రోజంతా ఆన్‌లో ఉంచి టైపింగు, బ్రౌజింగు మాత్రమే చేసేవారికి ఈ వరుసలో ఏదీ సరిపడదు; కోర్లు ఒక చిప్పులో, మెమరీ కంట్రోలర్ మరో చిప్పులో ఉండడం వల్ల పని లేనప్పుడు కూడా నాది 25 వాట్లకు తగ్గడం లేదు, నా పాత ఇంటెల్ అందులో సగం కూడా తాగేది కాదు.

నేను మాత్రం దీనిని మార్చే ఆలోచనలో లేను. ఎనిమిది కోర్ల అంకెలను ఒక చీటీ మీద రాసి కేబినెట్ తలుపు లోపలివైపు అంటించాను, ఎందుకంటే బయాస్ నవీకరించిన ప్రతిసారీ దాచుకున్న ప్రొఫైల్ చెరిగిపోతోంది, ఆ రెండు పేజీల్లో ఏది నెగ్గుతుందో మళ్ళీ చూసుకోవలసి వస్తోంది. గత నెలలో మూడో కోర్ మైనస్ 8 దగ్గర మరొకసారి తప్పింది. చీటీ మీద దానిని కొట్టివేసి 5 అని రాశాను.